మిట్టపుట్టలో తప్పిన విడుపు

అనగనగా రెండు వాగుల మధ్య ఇరుక్కుని ఒక అడవి ఉండేది. వేసవిలో ఆ వాగుల్లో ఇసుక తప్ప ఏమీ కనిపించదు. వానలు మొదలయ్యాయంటే మాత్రం రెండూ పొంగి ఒకటైపోతాయి. అప్పుడు అడవి నేలంతా నీళ్లే, ఒక్క చోట తప్ప.

ఆ చోటు పేరు మిట్టపుట్ట. ఎప్పుడో చెదపురుగులు కట్టుకుని, ఎందుకో వదిలేసి వెళ్లిపోయిన పుట్ట అది. మనిషి నిలువెత్తున ఉంటుంది. చీమలకు అది మహానగరం. లోపల ఏడు అంతస్తులు, వీధులు, గింజల కొట్లు, అన్నిటికంటే పైన రాణిగది. ఎంత వరద వచ్చినా పై అంతస్తుల్లోకి చుక్క నీరు ఎక్కదు. మిట్టపుట్ట ఎవరి చేతిలో ఉంటే వాళ్లు వానాకాలం దాటుతారు. మిగతావాళ్లు ఏమవుతారో ఎవరూ అడగరు.

చీమలకు యుద్ధాలేమిటని నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. కథ అయ్యాక కూడా నవ్వగలిగితే అప్పుడు చూద్దాం.

ఆ ఏడు నగరం గండుచీమల చేతిలో ఉంది. వాళ్ల నాయకుడు గండప్ప. ఎర్రచీమలు కింద పల్లంలో, కుళ్లిపోయిన మొద్దులో కాలం గడుపుతున్నాయి. వాటి రాణి పేరు మంకెనమ్మ. రాణి కడుపు నిండా గుడ్లు. వానల్లోపు ఆరిన చోటు దొరక్కపోతే రాణీ ఉండదు, గుడ్లూ ఉండవు, ఎర్రచీమలన్న పేరే ఆ అడవిలో ఉండదు. అందుకే ఎర్రచీమల సేనాని కొరివి మిట్టపుట్ట మీద యుద్ధం ప్రకటించింది.

కొరివికి భయమంటే తెలియదు. దాని చెల్లెలు చిగురుకి మాత్రం ఆకు కదిలినా వణుకే. అయినా అక్క వెనకే సైన్యంలో చేరింది. అక్క పక్కనుంటే తనకేమీ కాదని దాని ధీమా.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అటూ ఇటూ కదలకుండా వినండి, ఇది తెలియకపోతే కథ తెలియదు.

చీమ చచ్చిపోతే దాని ఒంటి నుంచి ఒక వాసన వస్తుంది. జిడ్డు వాసన. వానకు పోదు, ఎండకు పోదు. ఆ వాసన పసిగట్టి కాటిచీమలు వస్తాయి. చచ్చినవాళ్లను మోసుకెళ్లి కాటి వాలులో వరసగా పెట్టి రావడమే వాటి పని. పుట్టుకతోనే వాటికి చూపు ఉండదు. ఏ పనికైనా వాసనే వాటికి ఆధారం. ఎర్రచీమల్లో కాటిచీమలకు పెద్ద బూదవ్వ. ముసలిది, మెత్తని మనసుది.

మరి యుద్ధంలో చచ్చినవాళ్ల వాసన పక్కనున్న బతికినవాళ్లకూ అంటుకుంటుంది కదా? కాటిచీమలు పొరపాటున బతికినవాళ్లనూ ఎత్తుకుపోతే? అందుకే ఆ అడవిలో ముత్తాతల నాటినుంచి ఒక ఆచారం ఉంది. దాన్ని విడుపు అంటారు. పొద్దు ఇప్పచెట్టు కొమ్మల్లోకి దిగగానే ఎవరైనా సరే యుద్ధం ఆపాలి. చచ్చినవాళ్లను కాటికి పంపాలి. తరవాత బతికినవాళ్లంతా పుట్ట వాకిట్లో ఉన్న పలకరాయి దగ్గరికి రావాలి. అక్కడ ఎర్రచీమలకు గండుచీమల కాటిచీమలు మట్టి పూస్తాయి. గండుచీమలకు ఎర్రచీమల కాటిచీమలు పూస్తాయి. సొంతవాళ్లు పూస్తే వాసన పోదు. శత్రువు నోట్లో తడిసిన మట్టికే పోతుంది. ఎందుకని నన్నడక్కండి, నాకూ తెలియదు. మట్టి పూసి, ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెబుతాయి.

“నువ్వు బతికే ఉన్నావు. పో.”

ఆ మాట విన్నాకే ఎవరైనా ఇంటికి వెళ్లాలి.

మొదటి రోజు ఎర్రచీమలు కింది రెండు అంతస్తులు పట్టుకున్నాయి. పొద్దు వాలింది. రెండు పక్షాలూ ఆగాయి. పలకరాయి దగ్గర మసెమ్మ అనే గండు కాటిచీమ చిగురుకి మట్టి పూసింది. చిగురు ఒళ్లంతా వణుకుతోంది.

“ఎందుకే బిడ్డా అంత వణుకు? నేను కొరకనులే,” అంది మసెమ్మ. “నువ్వు బతికే ఉన్నావు. పో.”

రెండో రోజు ఇంకో రెండు అంతస్తులు పట్టుకున్నాయి. ఆ సాయంత్రం కూడా అదే మసెమ్మ, అదే మాట.

మూడో రోజు ఒక్క రాణిగది అంతస్తు మిగిలింది. ఆకాశం నల్లబడింది. గాలిలో వాన వాసన. సరిగ్గా అప్పుడే పొద్దు ఇప్పచెట్టు కొమ్మల్లోకి దిగింది. పైనుంచి గండప్ప కేక వేశాడు.

“విడుపు! విడుపు!”

గండుచీమలు ఆయుధం దించినట్టు కొండీలు ముడిచాయి. వాళ్ల కాటిచీమలు నోటినిండా తడిమట్టి పట్టుకుని, గుడ్డివి కదా, ఒకదాని వెనక కాళ్లు ఒకటి తడుముకుంటూ దిగి వచ్చాయి. పలకరాయి మీద వరసగా నిలబడ్డాయి. ఎర్రచీమల కోసం.

అప్పటికే దండుతో వాకిట్లోకి దిగిన కొరివి ఆకాశం వైపు చూసింది. పలకరాయి అవతలున్న పుట్ట తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర కాపలా లేదు.

“ఆగొద్దు,” అంది కొరివి. “ఇప్పుడే లోపలికి పోదాం.”

బూదవ్వ ఉలిక్కిపడింది. “విడుపు వేళమ్మా ఇది.”

“తెలుసవ్వా. రేపటికి వాన వస్తుంది. ఈ రాత్రి ఆ తలుపు మూసేసుకుంటారు. రాణి గుడ్లు ఎక్కడ పెట్టాలి? నీ వీపు మీదా?”

“పోనీ చచ్చినవాళ్లనైనా మోయనీ తల్లీ. ఒక్క గడియ.”

“చచ్చినవాళ్లకు తొందరేముంది? గెలిచాక మోద్దువుగాని.”

“కొరివీ, నా మాట విను. మా ముక్కులను నమ్ముకోకు. వాళ్లు మట్టి పూయకపోతే మీలో ఎవరు బతికారో, ఎవరు చచ్చారో మాకు తెలియదు.”

“మాకు తెలుసులే,” అని కొరివి నవ్వింది.

సైనికులూ నవ్వారు. చిగురు ఒక్కటే నవ్వలేదు. “అక్కా, దారిలో మసెమ్మ నిలబడి ఉంది,” అంది.

“నిలబడితే పక్కకు జరుగుతుంది,” అంది కొరివి.

మసెమ్మ జరగలేదు. దానికి ఎలా తెలుస్తుంది? అడుగుల చప్పుడు వినిపించి, మట్టి పూయించుకోవడానికి వస్తున్నారనుకున్నాయి ఆ గుడ్డి చీమలన్నీ. ముందుకు కూడా వంగాయి. ఎర్రచీమల దండు వాటి మీదుగా వెళ్లిపోయింది. వాటి నోళ్లలో మట్టి ఉంది. అరవడానికి కూడా వీల్లేకపోయింది.

ఈ మాట చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. కానీ చెప్పాలి కదా.

రాణిగది కాసేపట్లో ఎర్రచీమల చేతికి వచ్చింది. గండప్ప మిగిలిన కొద్దిమందితో, వాగు మీదకు వేలాడే తీగ పట్టుకుని, ఇప్పచెట్టు తొర్రలోకి వెళ్లిపోయాడు. వెళ్తూ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. కొరివికి అదే ఎందుకో నచ్చలేదు.

అంతలోనే వాన అందుకుంది. మంకెనమ్మను మోసుకొచ్చి రాణిగదిలో పెట్టారు. వాకిళ్లన్నీ మట్టితో మూసేశారు. లోపల ఏడు అంతస్తుల్లోనూ చచ్చినవాళ్లే. ఎర్రవాళ్లు, నల్లవాళ్లు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. వాళ్ల మధ్యనే కూచుని ఎర్రచీమలు గండుచీమల గింజలు తిన్నాయి, పాటలు పాడాయి, అక్కడే ఒరిగి నిద్రపోయాయి. గాలి కదలడం లేదు. జిడ్డు వాసన గోడలకు పట్టింది. అందరి ఒంటికీ పట్టింది. మొదట ఒకటి రెండు చీమలు ముక్కు ముడుచుకున్నాయి. కాసేపటికి అలవాటైపోయింది.

తెల్లవారింది. కొరివి పుట్ట కొసకు ఎక్కి, గాలి కన్నంలోంచి బయటికి చూసింది. సన్నటి వాన పడుతూనే ఉంది. రెండు వాగులూ ఎర్రగా పారుతున్నాయి. కింద ఒక వాకిలి తెరిచి కాటిచీమలు పని మొదలుపెట్టాయి. ఒకదాని వెనక ఒకటి, ఒక్కో బరువు కరుచుకుని, కాటి వాలు వైపు దిగుతున్నాయి.

“పనిమంతులే,” అనుకుంది కొరివి.

కాసేపు ఆగి చూసింది. వరస ఇంకా సాగుతోంది. ఇంకాసేపటికి మళ్లీ చూసింది. వరస తెగడం లేదు. ఇంతమంది చచ్చారా అనుకుంది. అప్పుడు గమనించింది. నగరంలో ఎక్కడా మాట వినిపించడం లేదు.

కొరివి కిందికి దిగింది. ఆరో అంతస్తులో ఎవరూ లేరు. సగం కొరికిన గింజలు నేల మీద ఉన్నాయి. ఐదో అంతస్తులో ఎవరూ లేరు. నేల మాత్రం ఎవరో నాకినట్టు శుభ్రంగా ఉంది. నాలుగో అంతస్తులో ఒక సైనికురాలు గోడకు ఆనుకుని నిద్రపోతోంది. చీకట్లోంచి ఒక కాటిచీమ వచ్చి దాన్ని తల నుంచి కాళ్ల దాకా వాసన చూసింది. నెమ్మదిగా నోట కరుచుకుంది.

మీకు తెలుసో లేదో, పిల్లచీమను పెద్దచీమ నోట కరుచుకుంటే, పిల్లచీమ కాళ్లు ముడుచుకుని కిక్కురుమనకుండా ఉండిపోతుంది. ఆ అలవాటు పెద్దయినా పోదు. ఆ సైనికురాలు నిద్రలోనే కాళ్లు ముడుచుకుంది. కళ్లు తెరిచింది. కొరివిని చూసింది. అలాగే వెళ్లిపోయింది.

“ఆగు! అది బతికే ఉంది!” అని కొరివి అరిచింది.

కాటిచీమ ఆగలేదు. దాని వెనక బూదవ్వ వస్తోంది. కొరివి అడ్డం నిలబడింది.

“అవ్వా, ఏం చేస్తున్నారు మీరు? బతికినవాళ్లను మోసుకుపోతున్నారు!”

బూదవ్వ తల వంచి, మీసాలతో కొరివి మొహమంతా తడిమింది. దాని గొంతులో జాలి ఉంది.

“ఎవరు తల్లీ? కొరివివా? అయ్యో. నువ్వు కూడానా?”

“నేను కూడా ఏమిటి? నేను సేనానిని. ఆపమని ఆజ్ఞాపిస్తున్నాను.”

“అందరూ ఏదో ఒకటి అంటూనే ఉన్నారమ్మా పొద్దున్నుంచి. చాలామందికి తాము పోయామని తెలియదు. చచ్చినవాళ్ల మాట వింటే మా పని సాగదు. ముడుచుకో నా తల్లే. నొప్పి లేకుండా తీసుకెళ్తాను.”

బూదవ్వ నోరు తగలగానే కొరివి కాళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి. యుద్ధంలో ఎన్నడూ వెనక్కి తగ్గని కాళ్లు అవి. కొరివికి మొదటిసారి భయం వేసింది.

కాటి వాలు నిండా ఎర్రచీమలు. వరసలు వరసలుగా, వానలో, ఎవరి చోట వాళ్లు. సగం మంది చచ్చినవాళ్లు, సగం మంది బతికినవాళ్లు. చూస్తే ఎవరెవరో చెప్పలేం. ముందుగా తెచ్చినవాళ్లు కింది వరసల్లో ఉన్నారు. అన్నిటికంటే కింది వరసలో చిగురు ఉంది. దానికి రెండు జానల కింద వాగు నీళ్లు.

బూదవ్వ తనను ఒక వరసలో దించి వెళ్లగానే కొరివి పరుగెత్తి వెళ్లింది. “చిగురూ, లే!”

“మూడుసార్లు లేచానక్కా. మూడుసార్లూ వాకిలి దాకా వెళ్లాను,” అంది చిగురు. “మళ్లీ ఇక్కడికే తెచ్చి పెట్టారు. ఏమోనక్కా, నిజంగానే చచ్చిపోయానేమో. వణుకు కూడా రావడం లేదు.”

కొరివి దాన్ని పట్టి పైకి లాగింది. ఒక కాటిచీమ వచ్చి, విసుక్కోకుండా, చిగురును మళ్లీ దాని చోట పెట్టి వెళ్లింది. కొరివి మళ్లీ లాగింది. కాటిచీమ మళ్లీ వచ్చింది. పక్క వరసల్లో పడుకున్న సైనికులు ఇదంతా చూస్తున్నారు. ఒక్కరూ లేవలేదు.

అప్పుడే పైనుంచి నాలుగు కాటిచీమలు కలిసి ఒక పెద్ద బరువును మోసుకొచ్చాయి. రాణి మంకెనమ్మ. దాన్ని అన్నిటికంటే పై వరసలో, ఒక్కదాన్నే పెట్టాయి. రాణి కడుపు మీద వాన చినుకులు పడుతున్నాయి. చలికి లోపలి గుడ్లు ఎంతసేపు ఉంటాయి?

కొరివి తీగ పట్టుకుని ఇప్పచెట్టు తొర్రకు పోయింది. గండప్ప కాళ్ల ముందు పడింది.

“మీ కాటిచీమలను పంపు. మావాళ్లకు మట్టి పూయాలి. నగరం ఇచ్చేస్తాను. నన్ను చంపు. ముందు వాళ్లను పంపు.”

“పంపుదును,” అన్నాడు గండప్ప. “పలకరాయి మీద నిలబడ్డవాళ్లలో ఎవరిని పంపమంటావు?”

తొర్ర లోపలినుంచి ఎవరో కుంటుతూ వచ్చారు. మసెమ్మ. దానికి మూడు కాళ్లే మిగిలాయి.

“నేనొక్కదాన్ని ఉన్నాను,” అంది మసెమ్మ. “నీకోసం రావడం లేదు. నీతో మాట్లాడటం కూడా నాకు ఇష్టం లేదు. ఆ వణికే పిల్ల ఉందా అక్కడ?”

“ఉంది.”

“అయితే పద.”

కొరివి మసెమ్మను వీపు మీద ఎక్కించుకుని తీగ మీదుగా వాగు దాటింది. కాటి వాలుకు చేరేసరికి నీళ్లు కింది వరసను తాకుతున్నాయి.

“ఎక్కడ మొదలుపెట్టను?” అంది మసెమ్మ. “నాది ఒక్క నోరు. ఒకరి తరవాత ఒకరికి పూయాలి.”

కొరివి కిందికి చూసింది. చిగురు మీసం ఎత్తి ఆడించింది. కొరివి పైకి చూసింది. రాణి కడుపు కదలడం లేదు.

దానికి ఏడుపు వచ్చింది. “రాణి దగ్గర,” అంది.

మసెమ్మ రాణికి మట్టి పూసింది. రాణి కడుపు పెద్దది, చాలాసేపు పట్టింది. “నువ్వు బతికే ఉన్నావు. పో,” అంది. మంకెనమ్మ లేచి, తూలుతూ నగరంలోకి నడిచింది. ఈసారి కాటిచీమలు దాన్ని వాసన చూసి, దారి ఇచ్చాయి. తరవాత పై వరస. తరవాత దాని కింది వరస. కొరివి పరుగెత్తి పరుగెత్తి పుట్టలోంచి ఆరిన మట్టి తెచ్చి మసెమ్మ నోటికి అందించింది. మట్టి పూసినవాళ్లు సాయం చేద్దామన్నా వీల్లేదు. మిగతావాళ్లను ముట్టుకుంటే వాసన మళ్లీ అంటుకుంటుంది. వాళ్లు దూరంగా నిలబడి చూశారు.

ప్రతి వరసకూ కొరివి కిందికి చూసేది. ప్రతిసారీ చిగురు మీసం ఆడించేది. మూడో వరస సగంలో ఉండగా కొరివి మళ్లీ చూసింది. అక్కడ నీళ్లే ఉన్నాయి. ఎర్రగా, నెమ్మదిగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. కింది వరసల్లో ఒక్కరు కూడా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని కొరివికి అనిపించింది.

వరద తగ్గేసరికి నెల పట్టింది. రాణి పెట్టిన గుడ్లు పిల్లలయ్యాయి. మంకెనమ్మ గండప్పకు కబురు పంపి, నగరంలో సగం ఇచ్చింది. ఇప్పుడు మిట్టపుట్టలో ఎర్రచీమలూ గండుచీమలూ రెండూ ఉంటున్నాయి. ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఒకరు బతికి ఉన్నారని చెప్పడానికి రెండోవాళ్లు కావాలని ఇద్దరికీ తెలిసింది.

ఆ రోజు మిగిలినవాళ్లందరికీ పూశాక మసెమ్మ కొరివి వైపు కూడా తిరిగింది. నోట్లో ఇంకా కాస్త మట్టి ఉంది. కొరివి పూయించుకోలేదు. వెనక్కి జరిగింది.

అందుకే కాటిచీమలు ఇప్పటికీ దాన్ని రోజూ పొద్దున్నే మోసుకెళ్లి కాటి వాలులో పెడతాయి. అది మధ్యాహ్నానికి లేచి వాకిలి దాకా నడిచి వస్తుంది, లోపలికి మాత్రం అడుగు పెట్టదు. ఒకసారి రాణి మంకెనమ్మే స్వయంగా వాకిట్లోకి వచ్చింది.

“చాలు కొరివీ. నిన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. మట్టి పూయించుకుని లోపలికి రా.”

“వస్తానమ్మా,” అంది కొరివి. “చిగురు కింద ఉంది. అది రాగానే ఇద్దరం కలిసి వస్తాం.”

నీతి: శత్రువుకు ఇచ్చిన మాటను తొక్కి గెలిస్తే, మనం మనుషులుగా మిగిలామని చెప్పేవారు లోకంలో ఎవరూ ఉండరు.